గుట్టలో కలిసిపోయిన ఇల్లు

మా ఊరి పట్టణాభివృద్ధి సంస్థకు ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ఇలాంటి ప్రేమలు ఆఫీసుల్లో పుట్టినా మార్చి నెలాఖరుకు మిగిలిన నిధులతో పాటు వెనక్కి పోతుంటాయి. ఇది మాత్రం పోలేదు. సంస్థ ఉపాధ్యక్షులవారు అధ్యయన యాత్ర అని ఏదో చల్లని దేశం వెళ్లారు. అక్కడ కొండవాలులో కట్టిన కాంక్రీటు ఇళ్లు కొండతో కలిసిపోయి ఉన్నాయట. గైడు వేలు పెట్టి చూపించినా ఇల్లెక్కడుందో ఆయనకు తెలియలేదట. ఎవరో లోపలి నుంచి కిటికీ తీసి చెయ్యి ఊపితే గానీ అది ఇల్లని అర్థం కాలేదట. ఆ క్షణంలో తనకు కన్నీళ్లు ఆగలేదని, తిరిగొచ్చాక జరిగిన సన్మాన సభలో ఆయనే చెప్పుకున్నారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఇకమీదట పట్టణ పరిధిలో నిర్మించబడు ప్రతి కాంక్రీటు గృహము తన పరిసరములతో పూర్తి సామరస్యము కలిగి ఉండవలెను. సామరస్యము లోపించిన గృహమునకు నీరు, విద్యుత్తు, ఇంటి నంబరు మంజూరు చేయబడవు." దీన్ని అమలు చేయడానికి పరిసర సామరస్య విభాగం అని ఒకటి పెట్టి, సంస్థ కార్యాలయంలోనే మూడో అంతస్తు ఇచ్చారు. ఆ కార్యాలయం నీలి అద్దాల పెట్టె. ఎండాకాలం దాని ముందు నుంచి పోయేవాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. దానికి ఒక పక్క పశువుల దవాఖానా, ఇంకో పక్క పంక్చరు దుకాణం ఉన్నాయి. ఈ మూడింటికీ సామరస్యం ఎక్కడ కుదిరిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు ఇంటి నంబరు కావాలి.

నా పేరు వీరేశం. సర్కారు బడిలో సోషల్ చెబుతాను. నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అంటారు గానీ, ఇరవై ఏళ్లు కిరాయి ఇళ్లలో ఉన్నవాడికి కోపం రాకపోతే డాక్టరుకు చూపించాలి. నా భార్య స్వరూప ఆ ఇరవై ఏళ్లూ వేరేవాళ్ల వంటిళ్లలో వంట చేసింది. ఒక ఓనరమ్మ చేపల పులుసు వండొద్దంది. ఒకాయన తాలింపు వాసనకు దగ్గొస్తుందని తలుపు కొట్టాడు. ఇంకొకాయన నెలకోసారి వచ్చి వంటింటి గోడ మీద నూనె మరకలు చూసి, సొంత బిడ్డకు దెబ్బ తగిలినట్టు మూలిగేవాడు.

"నాకు మేడలొద్దు, మిద్దెలొద్దు. నా వంటింట్ల నేను తాలింపు పెడితే ఎవ్వడు తలుపు కొట్టొద్దు. గంతే" అంది స్వరూప. ఊరి చివర నల్లగుట్ట కింద మేము కొన్న జాగాలో ముగ్గు పోసిన రోజు అన్న మాట అది. ఆమె అంతకు మించి ఏదీ అడగలేదు, నేను అంతకు మించి ఏదీ కట్టదలచలేదు.

ఇంటి ప్లాను నౌషాద్ అనే కుర్ర ఆర్కిటెక్టు గీశాడు. నా దగ్గర చదువుకున్నవాడే, బుద్ధిమంతుడు. కింద రెండు గదులు, పెద్ద వంటిల్లు, పైన ఒక గది, గోడలకు తెల్ల సున్నం. ఆ ప్లాను పట్టుకుని ఇద్దరం మూడో అంతస్తుకు వెళ్లాం. సామరస్య అధికారి పేరు జగదీశ్వర్. సన్నగా, చల్లగా మాట్లాడే మనిషి. ప్లాను వంక చూసి, ఎవరో చనిపోయినట్టు తల ఊపాడు.

"మీ పరిసరము ఏది?" అన్నాడు.

"నల్లగుట్ట సార్. మా జాగా వెనకనే."

"గుట్టకు మూలలు ఉంటాయా?"

"ఉండయి సార్."

"మరి గృహమునకు నాలుగు మూలలు ఎందుకు గీశారు? గుట్ట తెలుపు రంగులో ఉన్నదా? గుట్టకు చతురస్రాకారపు కిటికీలు ఉన్నవా? మీరు గుట్ట ప్రక్కన గృహము కట్టుట లేదు వీరేశం గారూ, గుట్టను వెక్కిరిస్తున్నారు."

నాకు ఒళ్లు మండింది. నౌషాద్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "మార్చి తెస్తం సార్" అన్నాడు. మెట్లు దిగుతుంటే వాడి కళ్లు మెరుస్తున్నాయి. చదువుకున్న రోజుల నుంచీ ఇలాంటి ఇల్లొకటి కట్టాలని కోరికట. "సార్, జెర నా మీద నమ్మకముంచున్రి. ఇల్లు ఎట్లుంటదంటే, గుట్ట ఇంకో గుట్టను కన్నట్టుంటది" అన్నాడు. నేను నమ్మాను.

నౌషాద్ మూలలన్నీ తీసేశాడు. గోడలు రాతిబండల్లా వంపు తిరిగాయి. కిటికీలు బండల మధ్య నెర్రెల్లా సన్నబడ్డాయి, వాకిలి గుహ నోరులా అయింది. నీళ్ల ట్యాంకు, గుట్ట మీద ఎవరో ఎత్తి పెట్టినట్టుండే గుండురాయి ఆకారంలో ఇంటి నెత్తి మీద కూర్చుంది. ప్లాస్టరింగు లేదు, రంగు లేదు, ఉత్త కాంక్రీటే. జగదీశ్వర్ ఈసారి ప్లానును చాలాసేపు చూసి, ఒక్క షరతు పెట్టాడు.

"కాంక్రీటు వర్ణము గుట్ట వర్ణముతో ఏకీభవించవలెను. బయటి కంకర వాడినచో తేడా వచ్చును. కావున నల్లగుట్ట రాతిని కొట్టి తీసిన కంకరనే వాడవలెను. ఈ నిబంధన పట్టణమంతటికీ వర్తింపజేస్తున్నాము."

పట్టణమంతా నల్లగుట్ట పక్కన లేదు కదా అని నాకు అనిపించింది. కానీ నా ప్లాను మీద సంతకం పడిపోయింది కాబట్టి నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, వాటిలో ఇది నాకు బాగా తగులుకుంది.

ఇల్లు లేచింది. నిజం చెప్పొద్దూ, అందంగా ఉంది. వాన పడితే గుట్టా ఇల్లూ ఒక్కలాగే నల్లబడేవి, ఎండ కాస్తే ఒక్కలాగే తేటబడేవి. మధ్యాహ్నం పూట కూడా లోపల చల్లగా ఉండేది. తనిఖీకి వచ్చిన జగదీశ్వర్ రోడ్డు మీద జీపు దిగి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాడు. "సార్, మీరు మా వాకిట్లనే నిలవడ్డరు" అని చెప్పాను. ఆయన ఎంత పొంగిపోయాడంటే, అక్కడికక్కడే ప్రథమ శ్రేణి సామరస్య ధ్రువపత్రం రాసిచ్చాడు. "గుట్టకును, గృహమునకును తేడా కనుగొనుట మానవ నేత్రమునకు అసాధ్యము" అని అందులో ఉంది. దాన్ని ఫ్రేము కట్టించింది నేనే. మనిషికి ఎప్పుడు ఏ బుద్ధి పుడుతుందో చెప్పలేం.

గృహప్రవేశం రోజు చుట్టాలు గుట్ట చుట్టూ తిరిగారు. స్వరూప వాళ్ల అన్న మల్లేశం ఫోన్ చేసి, "బావా, గుట్ట కాడికొచ్చిన, ఇల్లు యాడుంది?" అన్నాడు. "నువ్వు ఆనుకోని నిలవడ్డది మా బెడ్‌రూమే బావా" అన్నాను. పూజకు వచ్చిన అయ్యగారు తొందరలో గుమ్మడికాయ నిజం గుట్ట ముందు కొట్టి, దానికే హారతిచ్చారు. భోజనాలయ్యాక ఎవరికీ తెలియకుండా మళ్లీ పిలిచి మా గడప ముందు ఇంకోటి కొట్టించాల్సి వచ్చింది. సాయంత్రం అందరూ వెళ్లాక స్వరూప పొయ్యి వెలిగించి, అవసరం లేకపోయినా తాలింపు పెట్టింది. ఎండుమిర్చి ఘాటుకు ఇద్దరం దగ్గాం. ఎవరూ తలుపు కొట్టలేదు. ఆ పూట మా ఆవిడ ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది.

వారం తిరక్కుండా మొదటి నోటీసు వచ్చింది. ఆరేసిన ఎర్ర చీర దూరం నుంచి కనిపించి సామరస్యాన్ని భంగపరుస్తోందట. స్వరూప చేతిలో నోటీసు పట్టుకుని, "గుట్ట మీద మోదుగుపూలు ఎర్రగ పూయయా? వాటికిచ్చిండ్రా నోటీసు?" అంది. ఆ మాటే రాసి పంపించాను. మోదుగుపూలు ఋతువును బట్టి పూస్తాయని, చీరకు ఋతువు లేదని జవాబొచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో రంగు బట్టలు లోపల ఆరాయి. బూడిద రంగు చీరలు కొనుక్కురమ్మని స్వరూప నన్ను బజారుకు పంపిస్తే, దుకాణంవాడు మా ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగాడు.

ఇంతలో ఊళ్లో కాంక్రీటు పోసే ప్రతివాడికీ నల్లగుట్ట కంకరే కావాల్సి వచ్చింది. రూలు అది. బస్టాండు పక్కన ఇల్లు కట్టేవాడికీ, చెరువు గట్టున షాపు వేసేవాడికీ, ఊరి ఆ చివర కోళ్ల షెడ్డు కట్టేవాడికీ గుట్ట కంకర లేకుండా ప్లాను రాదు. పట్టణాభివృద్ధి సంస్థ నాలుగో అంతస్తులో శిలా వినియోగ విభాగం తెరిచి క్రషర్లకు అనుమతులిచ్చింది. మూడో అంతస్తువాళ్లు గుట్టతో కలిసి బతకమంటున్నారు, నాలుగో అంతస్తువాళ్లు గుట్టను తవ్వుకోమంటున్నారు. రెండింటికీ ఒకే లిఫ్టు.

తెల్లారితే పేలుడు. మొదట గుట్ట వెనక వైపు పోయింది, మాకు తెలియలేదు. తర్వాత పక్కలు పోయాయి. వంటింట్లో గిన్నెలు వాటంతట అవే మోగేవి. దుమ్ము పడి పప్పులో కరకర. లారీలు వరుసగా గుట్టను ఊళ్లోకి మోసుకుపోతున్నాయి. ఒకనాడు బడి పిల్లలకు క్లాసులో పీఠభూమి గురించి చెబుతూ, కిటికీలోంచి నల్లగుట్టను చూపిద్దామని చెయ్యెత్తాను. అక్కడ ఆకాశమే ఉంది.

నేను ఇంటికొచ్చేసరికి జగదీశ్వర్ మా వాకిట్లో టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గుట్ట ఎత్తు తగ్గినది," అన్నాడు. "మీ గృహము ఎత్తు తగ్గలేదు. ప్రస్తుతము మీ గృహము గుట్ట కంటె ఎత్తుగా ఉన్నది. ఇది గుట్ట పట్ల అవిధేయత."

"గుట్టను తగ్గిస్తున్నది మీ నాలుగో అంతస్తే కద సార్."

"అది వేరే విభాగము. వారి పనిలో మేము జోక్యము చేసుకొనము. ఇరువురి మధ్య సామరస్యము ఉన్నది."

పై గది తీసేయించి, ట్యాంకును కింది కప్పు మీదికి దించాం. నౌషాద్ దగ్గరుండి కొట్టించి, తెగిన చోట కూడా బండ పగిలినట్టు సహజంగా వచ్చేలా చెక్కించాడు. పని అయ్యాక కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము అన్నాడు. స్వరూప మాత్రం ఒక్కటే అంది, "మీద గది పోతే పోనియ్యి. నా వంటింటి జోలికొస్తే మాత్రం నేను ఊకోను. ఆ సార్‌కు చెప్పు." చెప్పాను. వంటిల్లు గుట్ట ఎత్తుకు లోబడే ఉందని ఆయన రాతపూర్వకంగా హామీ ఇచ్చాడు.

ఆ వేసవి అయ్యేసరికి గుట్ట లేదు. తగ్గడం కాదు, లేదు. ఉన్నచోట చదును నేల, కొంచెం గులక, ఒక విరిగిన చక్రం. మా ఇల్లు ఒక్కటే, దాని గుండురాయి ట్యాంకుతో సహా, మిట్టమధ్యాహ్నం ఎండలో మిగిలింది. ఇక ఏ గుట్టా లేదు కాబట్టి ఏ నోటీసూ రాదని నాకు లోలోపల సంతోషంగా కూడా ఉండింది. ఎర్ర చీర బయట ఆరేయమని స్వరూపకు చెప్పాను. ఆరేసింది.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. మా ఊరు ఉత్తమ సామరస్య పట్టణం పోటీలో ఆఖరి దాకా వెళ్లిందట. నల్లగుట్టను, దానితో కలిసిపోయిన కాంక్రీటు గృహాన్ని చూడటానికి పెద్దల బృందం వస్తుందట. జగదీశ్వర్ చెమటలు కక్కుతూ మా ఇంటికి వచ్చాడు. మొదటిసారి లోపల కూర్చుని, స్వరూప ఇచ్చిన చాయ్ తాగాడు. రెండో కప్పు కూడా అడిగాడు.

"ఫైలులో గుట్ట ఉన్నది, గృహము ఉన్నది," అన్నాడు చాయ్ వైపే చూస్తూ. "భూమి మీద ఒక్కటే ఉన్నది."

"ఇల్లు ఉంది సార్. గుట్టను మీరు అమ్ముకున్నరు" అన్నాను.

"అట్లు అనకూడదు. పట్టణ పటములో గుట్ట లేకుండా పోవుటకు ప్రభుత్వ అనుమతి కావలెను, అది మా వద్ద లేదు. కావున చట్టరీత్యా గుట్ట ఉన్నది. గుట్ట ఉన్నది కనుక, ఎక్కడో ఒక చోట ఉండవలెను." ఆయన తల ఎత్తి మా గోడల వంక, పైకప్పు వంక, నెర్రెల్లాంటి కిటికీల వంక తీరిగ్గా చూశాడు. ముఖం నిదానంగా తేటబడింది. కప్పు కింద పెట్టి, మా గోడను అరచేత్తో నిమిరాడు. ఆయనకు గుట్ట ఎక్కడ దొరికిందో నాకు అర్థమైంది.

సోమవారం గ్రీవెన్సుకు స్వరూపను, నౌషాద్‌ను తీసుకుని ఉపాధ్యక్షులవారి ముందుకు వెళ్లాను. ఆయన ముందు మా ఇంటి ఫొటో పెద్దది చేసి పెట్టారు.

"మీ వాదన ఏమిటి?"

"అది ఇల్లు సార్. మేం అందులనే ఉంటున్నం."

"ఇది మీ అభిప్రాయము. మన సంస్థ ప్రజాభిప్రాయమునకు విలువనిస్తుంది." ఆయన గంట కొట్టాడు. చాయ్ తెచ్చిన అటెండరుకు ఫొటో చూపించి ఇదేమిటని అడిగాడు. "గుట్ట సార్" అన్నాడు అటెండరు. కింద పంక్చరు దుకాణం నుంచి ఒకర్ని పిలిపించారు. "నల్లగుట్ట గద, చిన్నప్పుడు ఎక్కెటోళ్లం" అన్నాడతను, ప్రేమగా. పశువుల డాక్టరు కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, గుట్టేనని, కాకపోతే ఈ మధ్య చిక్కిపోయిందని చెప్పాడు.

నేను నౌషాద్ వైపు తిరిగాను. "నువ్వు చెప్పురా. కట్టినోనివి నువ్వు. ఇది ఇల్లని ఎట్ల తెలుస్తదో చూపియ్యి."

వాడు ఫొటోను చాలాసేపు చూశాడు. పాపం, ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని నిజంగానే వెతికాడు. "దొరుకుత లేదు సార్," అన్నాడు చివరికి. సిగ్గుపడుతున్నాడు, కొంచెం గర్వపడుతున్నాడు కూడా. వాడి చెంప అక్కడే పగలగొడదామనిపించింది. నా ధ్రువపత్రం నకలు వాళ్లే ఫైల్లోంచి తీసి చదివారు, మానవ నేత్రము అన్న మాట దగ్గర ఆగి మరోసారి చదివారు.

అప్పుడు స్వరూప లేచింది. ఆమె సభల్లో మాట్లాడే మనిషి కాదు. "సార్, గుట్టకు పొయ్యి ఉంటదా? మా ఇంటికొచ్చి చూడున్రి. పొద్దుగాల పెట్టిన పప్పు ఇంక వెచ్చగనే ఉంది."

ఉపాధ్యక్షులవారు ఆమెను దయగా చూశారు. "అమ్మా, గుట్ట అంతర్భాగమున వేడి ఉండుట సహజము" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన వంటిల్లు ఆ ఒక్క మాటతో పోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపం ఆ తర్వాత వచ్చింది.

ఉత్తర్వు సాయంత్రానికి చేతిలో పెట్టారు. "నల్లగుట్ట ఏకైక అవశేషమగు సదరు శిలను రక్షిత ప్రకృతి సంపదగా ప్రకటించడమైనది. రక్షిత శిలలో కుటుంబముతో నివసించుట, వంట చేయుట, బట్టలు ఆరవేయుట శిక్షార్హము." మాకు పరిహారం అడిగితే, గుట్టలో ఉన్నవాళ్లకు పరిహారం ఇచ్చే పద్దు లేదన్నారు. ఉన్నందుకు కేసు పెట్టకపోవడమే సంస్థ ఔదార్యమని జగదీశ్వర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. సామాను ఎక్కించే రోజు ఆయనే వచ్చి, గుట్టకు గీత పడకుండా బీరువా బయటికి తీయడానికి ఓ చెయ్యి వేశాడు. మర్యాదస్తుడు. పోటీలో మా ఊరికి మొదటి బహుమతి వచ్చింది.

మేము హౌసింగ్ బోర్డు వెనక గల్లీలో రెండు గదుల పోర్షనుకు మారాం. కోర్టులో కేసు వేశాను. గుట్ట తరఫున ప్రభుత్వ వకీలు వాదిస్తున్నాడు, వాయిదాలు నడుస్తున్నాయి.

మొన్న ఆదివారం స్వరూప పొద్దున్నే తయారై, "ఓసారి పోయి చూసొద్దాం పా" అంది. నేను వద్దన్నాను, ఆమె అప్పటికే చెప్పులేసుకుంది. గుట్ట చుట్టూ కంచె వేశారు, వాకిలి దగ్గర టికెట్ల కిటికీ పెట్టారు. రెండు టికెట్లు తీసుకుని, పక్క జిల్లా నుంచి వచ్చిన కాలేజీ పిల్లలతో పాటు లోపలికి వెళ్లాం. సంస్థ పెట్టిన గైడు మెడలో కార్డేసుకున్న ఇరవై ఏళ్లవాడు. ముందు గది చూపించి సహజ గుహ అన్నాడు. ఇరుకు తలుపు దాటించి మమ్మల్ని మా వంటింట్లోకి తీసుకెళ్లాడు.

"ఇది ఈ గుట్టలోనే అతి ముఖ్యమైన భాగం," అన్నాడు. "ఇక్కడ ఒకప్పుడు మనుషులు నివసించినట్టు ఆనవాళ్లు దొరికినయి. ఈ రాతి దిమ్మె మీద వండుకునేవాళ్లు. గోడ మీద ఈ పసుపు మరకలు చూడున్రి. ఇవి వాళ్లు గీసుకున్న బొమ్మలని నిపుణులు అంటున్నరు. జింక లెక్క ఉందని కొందరు, ఎద్దని కొందరు."

పిల్లలు ఫోన్లు తీసి ఆ మరకలను ఫొటోలు తీశారు. స్వరూప ముందుకు వెళ్లి, వంటగట్టు మీద పేరుకున్న దుమ్మును కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, రోజూ తుడిచినట్టే.

"అమ్మా, రాయిని ముట్టుకోవద్దు," అన్నాడు గైడు. గొంతులో మర్యాద ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను పళ్లు కొరుక్కుని నెర్రె కిటికీలోంచి బయటికి చూశాను.

వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది, "మరి ఆ మనుషులు ఏమైండ్రు అన్నా?"

గైడు ఈ ప్రశ్నకు జవాబు కంఠతా పట్టినట్టున్నాడు. "పరిసరాలతో సామరస్యం కుదుర్చుకోలేకపోయిండ్రు. మెల్లమెల్లగ అంతరించిపోయిండ్రు" అన్నాడు.

స్వరూప కొంగు దులుపుకుని వాడి వైపు తిరిగింది.

"అంతరించిపోలే బిడ్డా," అంది. "హౌసింగ్ బోర్డు ఎనక గల్లీల కిరాయికుంటున్నరు."